మెయిల్ పోవడం లేదంటే ముందు లాగ్ చదవండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు రైసు మిల్లులోనో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనో, ఆడిటరు గదిలోనో బల్ల కింద ఒక కంప్యూటరు పెట్టి, దాని మీద డెబియన్ (ఉచిత లినక్స్ వ్యవస్థ) వేసి, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ ప్రోగ్రాముతో సొంత మెయిల్ సర్వరు నడుపుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. అటు భువనేశ్వర్‌కి, ఇటు విశాఖపట్నానికి రోజూ బిల్లులు, కొటేషన్లు వెళ్లాలి. ఒకరోజు పొద్దున్నే గుమస్తా వచ్చి “మెయిల్ పోవడం లేదండీ” అంటాడు. ఆ మాట చెవిన పడగానే చాలామంది రూటరు ఆపి మళ్లీ వేస్తారు. అప్పటికీ పోకపోతే పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్ తెరిచి, నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు అందులో అతికిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఉన్న తప్పు ఒకటైతే దానికి మరో మూడు తోడవుతాయి, ఏది ముందునుంచీ ఉందో ఏది మనం తెచ్చిపెట్టుకున్నదో తేల్చడం కష్టమవుతుంది.

ఆదేశాలు, సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు, పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. సెట్టింగు పేరులో మాటల మధ్య ఖాళీ కనిపించిన చోట అసలు ఫైలులో అండర్‌స్కోరు ఉంటుంది.

ఎక్కడ ఆగింది?

“పోవడం లేదు” అన్న మాటకి మూడు అర్థాలు. గుమస్తా కంప్యూటరు నుంచి మన సర్వరు దాకా రాకపోవడం ఒకటి. సర్వరు దాకా వచ్చి క్యూలో (పంపాల్సిన మెయిళ్ల వరసలో) కూర్చోవడం రెండోది. మన దగ్గర నుంచి వెళ్లి అవతలి సర్వరు తిప్పికొట్టడమో, స్పామ్‌లో పడెయ్యడమో మూడోది. మూడింటికీ మందులు వేరు.

గుమస్తా థండర్‌బర్డ్‌లో గానీ అవుట్‌లుక్‌లో గానీ మెయిల్ ఎక్కడుందో చూడండి. అవుట్‌బాక్సులోనే ఉందంటే సర్వరుకి చేరలేదు. సెంట్ ఫోల్డరులో ఉంటే సర్వరు తీసుకున్నట్టే, ఇక ఆ కంప్యూటరు జోలికి పోనక్కర్లేదు.

అవుట్‌బాక్సులో ఆగినప్పుడు మొదట అడగాల్సింది “ఈ మధ్య రూటరు మార్చారా?” అని. ఉదాహరణకి పాత రూటరు 192.168.1 వరసలో చిరునామాలు ఇచ్చేది, కొత్తది 192.168.0 వరసలో ఇస్తుంది. సర్వరుకి చేత్తో రాసిపెట్టిన చిరునామా పాత వరసలోనే ఉండిపోతుంది, అందుకని ఎవరికీ కనిపించదు. అది సరిచేశాక కూడా “రిలే యాక్సెస్ డినైడ్” అని వస్తే, లాగిన్ లేకుండా ఏ చిరునామాల నుంచి పంపనివ్వాలో చెప్పే మైనెట్‌వర్క్స్ సెట్టింగులో ఇంకా పాత వరసే ఉందన్నమాట. అక్కడ 127.0.0.0/8, దాని పక్కన 192.168.0.0/24 ఉంటే చాలు. విసుగొచ్చి 0.0.0.0/0 అని మాత్రం పెట్టకండి. సర్వరు బయటికి తెరుచుకుని ఉంటే ప్రపంచంలోని స్పామరు ఎవడైనా మన పేరుతో మెయిల్ పంపుకోవచ్చు. కంప్యూటర్లన్నీ 587 పోర్టు మీద యూజరు పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అయి పంపేలా పెట్టుకోవడం ఇంకా మంచిది. అప్పుడు రూటరు మారినా ఈ “రిలే యాక్సెస్” గొడవ రాదు.

క్యూ, లాగ్

సర్వరు మీద పోస్ట్‌క్యూ హైఫన్ పి కొట్టండి. ఖాళీ అని వస్తే మెయిల్ వెళ్లిపోయిందనో, తిరిగొచ్చేసిందనో అర్థం. లేకపోతే ఒక్కో మెయిల్‌కి ఒక గుర్తింపు సంఖ్య, సైజు, వచ్చిన సమయం, పంపినవారు, కింద ఆగిన కారణం కనిపిస్తాయి. సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే ఆ క్షణంలో దాన్ని పంపే ప్రయత్నం జరుగుతోంది. ఆశ్చర్యార్థకం (!) ఉంటే ఎవరో హోల్డులో పెట్టారు, అంటే వదిలేదాకా కదలకుండా ఆపారు.

తర్వాత లాగ్, అంటే సర్వరు తను చేసిన పనులు రాసుకునే చిట్టా. పాత డెబియన్‌లో /వార్/లాగ్/మెయిల్.లాగ్. డెబియన్ 12 నుంచి ఆ ఫైలు మామూలుగా ఉండదు, జర్నల్‌సీటీఎల్ హైఫన్ టీ పోస్ట్‌ఫిక్స్/ఎస్ఎంటీపీ అని అడగాలి. అందులో పార్టీ మెయిల్ చిరునామా వెతికితే ఇలాంటి లైను దొరుకుతుంది:

టు=పార్టీ చిరునామా, రిలే=నన్, డిలే=150, డిలేస్=0.08/0.02/150/0, డీఎస్ఎన్=4.4.1, స్టేటస్=డిఫర్డ్ (కనెక్షన్ టైమ్డ్ అవుట్)

ఈ ఒక్క లైను చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. స్టేటస్ దగ్గర సెంట్, డిఫర్డ్, బౌన్స్‌డ్ అని మూడు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. డీఎస్ఎన్ (ఫలితం చెప్పే కోడు) 2తో మొదలైతే అవతలివాళ్లు తీసుకున్నారు, 4 అయితే తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది, 5 అయితే ఇక ప్రయత్నించదు. అందరూ దాటేసే చోటు డిలేస్ దగ్గరున్న ఆ నాలుగు అంకెల వరస. మొదటిది క్యూ మేనేజరు చేతికి వచ్చేదాకా పట్టిన సమయం, రెండోది దాని దగ్గర గడిచింది, మూడోది అవతలి సర్వరుతో కనెక్షను కుదరడానికి, నాలుగోది మెయిల్ పంపడానికి. పై లైనులో 150 సెకన్లూ మూడో చోటే పోయాయి, రిలే దగ్గర ఎవరి పేరూ లేదు. పోస్ట్‌ఫిక్స్ ఒక్కో చిరునామా దగ్గర 30 సెకన్లు ఎదురుచూస్తుంది. 5 చిరునామాలు తట్టింది, ఒక్కటీ పలకలేదు. అంటే మన మెయిల్‌లో తప్పేమీ లేదు, దారి మూసుకుపోయింది. అదే నాలుగో అంకె పెద్దదైతే తలుపు తెరుచుకుంది, సామాను దించేటప్పుడు ఇబ్బంది వచ్చింది.

ఇక్కడే ఒక సెట్టింగు మార్చుకోండి. డిలే వార్నింగ్ టైమ్ మామూలుగా 0హెచ్, అంటే ఆలస్యమవుతున్న సంగతి పంపినవాళ్లకి సర్వరు చెప్పదు. క్యూలో మెయిల్‌ని 5 రోజులు ఉంచుకుంటుంది, ఆ తర్వాతే తిరిగి పంపుతుంది. సోమవారం పంపిన కొటేషను వెళ్లలేదని గుమస్తాకి శనివారం తెలుస్తుంది. దీన్ని 4హెచ్ చేస్తే నాలుగు గంటలకే కబురొస్తుంది. చిన్న ఆఫీసుకి ఇంతకంటే మేలు చేసే మార్పు ఇంకోటి లేదని మా అభిప్రాయం.

25వ పోర్టు మూసేస్తే

సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునేది 25వ పోర్టు మీద. స్పామ్ ఆపడానికి ఇంటర్నెట్ కంపెనీలు మామూలు కనెక్షన్లలో బయటికి వెళ్లే ఆ పోర్టుని మూసెయ్యడం పరిపాటి. నిన్నటిదాకా పోయి ఇవాళ పోకపోయినా, కనెక్షను మార్చిన మర్నాడే ఆగినా మొదటి అనుమానం దీని మీదే.

ఎన్‌సీ హైఫన్ వీజెడ్ అని కొట్టి, జీమెయిల్ ఎంఎక్స్ సర్వరు (బయటి మెయిల్ అందుకునే సర్వరు) పేరు, 25 ఇవ్వండి. తర్వాత అదే ఆదేశం ఎస్ఎంటీపీ.జీమెయిల్.కామ్, 587తో ఇవ్వండి. రెండోది వెంటనే తెరుచుకుని మొదటిది వేలాడితే పోర్టు మూసి ఉన్నట్టే. అప్పుడు మన ఫైర్‌వాల్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

ఆ పోర్టు తెరిపించుకోవాలంటే స్టాటిక్ ఐపీ, అంటే మారని చిరునామా, కావాలి. రూటరు స్టేటస్ పేజీలో వాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ఒకే ఐపీని చాలామందికి పంచుతున్నారు, అది మన సొంతం కాదు. స్టాటిక్ ఐపీ తీసుకున్నా అక్కడితో అయిపోదు. ఆ ఐపీకి మన సర్వరు పేరు చూపించే పీటీఆర్ రికార్డు కావాలి. దాన్ని డొమైన్ కొన్నచోట పెట్టలేం, ఐపీ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీయే పెట్టాలి. దరఖాస్తులోనే రెండూ కలిపి అడగండి: 25వ పోర్టు తెరవడం, పీటీఆర్ పెట్టడం. ఒకటి అడిగి ఒకటి మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తుంది.

రోజుకి యాభై, వంద మెయిళ్లు పంపే ఆఫీసుకి ఇంత శ్రమ అక్కర్లేదు. 587 మీద ఒక మెయిల్ సేవ ద్వారా పంపించుకుంటే చాలు, దీన్నే రిలే అంటారు. ముందు లిబ్‌సాస్ల్2-మాడ్యూల్స్ ప్యాకేజీ వేసుకోండి. అది లేకపోతే “నో మెకానిజమ్ అవైలబుల్” అని లాగ్‌లో పడుతుంది, జనం పాస్‌వర్డు తప్పేమోనని గంటలు తగలేస్తారు. మెయిన్.సీఎఫ్‌లో రిలేహోస్ట్ ఎదురుగా సేవ సర్వరు పేరుని చదరపు బ్రాకెట్లలో పెట్టి, కోలన్ 587 చేర్చండి. బ్రాకెట్లు అలంకారం కాదు, అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి మళ్లీ ఎంఎక్స్ వెతుకుతుంది. ఎస్ఎంటీపీ సాస్ల్ ఆథ్ ఎనేబుల్‌కి యస్, ఎస్ఎంటీపీ సాస్ల్ సెక్యూరిటీ ఆప్షన్స్‌కి నోఅనానిమస్, ఎస్ఎంటీపీ టీఎల్ఎస్ సెక్యూరిటీ లెవెల్‌కి ఎన్‌క్రిప్ట్. ఎస్ఎంటీపీ సాస్ల్ పాస్‌వర్డ్ మ్యాప్స్‌కి హ్యాష్ కోలన్ తర్వాత పాస్‌వర్డు ఫైలు దారి ఇవ్వండి. ఆ ఫైలులో ఒకే లైను: రిలేహోస్ట్‌లో రాసింది బ్రాకెట్లు, పోర్టుతో సహా అక్షరం పొల్లుపోకుండా, తర్వాత ఖాళీ, తర్వాత యూజరు పేరు, కోలన్, పాస్‌వర్డు. ఫైలు మార్చిన ప్రతిసారీ పోస్ట్‌మ్యాప్ నడపాలి. ఫైలుకీ, పక్కన పుట్టిన .డీబీ ఫైలుకీ 600 అనుమతి పెట్టి పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చెయ్యండి.

జీమెయిల్ ఖాతా వాడితే మామూలు పాస్‌వర్డు పనిచెయ్యదు, 535 వస్తుంది. టూ స్టెప్ వెరిఫికేషను పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. మామూలు జీమెయిల్‌కి రోజుకి 500, వర్క్‌స్పేస్‌కి 2000 మెయిళ్ల పరిమితి ఉంది. మామూలు ఖాతా నుంచి పంపితే ఫ్రమ్ దగ్గర ఆఫీసు చిరునామా పోయి ఆ జీమెయిల్ చిరునామా పడుతుంది, కాబట్టి ఆఫీసు చిరునామాని ఆ ఖాతాలో ముందే అలియాస్‌గా చేర్చి ధ్రువీకరించుకోండి.

పేరు దొరకడం లేదంటే

“నేమ్ సర్వీస్ ఎర్రర్”, “హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్” అని లాగ్‌లో కనిపిస్తుంది. అదే కంప్యూటరులో డిగ్ (పేరు వెతికే ఆదేశం) కొడితే పేరు చక్కగా దొరుకుతుంది. పింగ్ పోతుంది, బ్రౌజరు తెరుచుకుంటుంది. మెయిల్ ఒక్కటే పోదు. ఇది మనిషిని బాగా తికమక పెడుతుంది.

కారణం చిన్నది. చాలా డెబియన్ సర్వర్లలో పోస్ట్‌ఫిక్స్ భాగాలు కొన్ని /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ అనే గదిలో గడియ పెట్టుకుని పనిచేస్తాయి, బయట ఉన్న ఫైళ్లు వాటికి కనిపించవు. అందుకని, పేరుకి చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వరు ఏదో రాసి ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు నకలు ఒకటి ఆ గదిలోని ఈటీసీ ఫోల్డరులో ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీ మారితే బయటి ఫైలు మారుతుంది, లోపలి నకలు పాత కంపెనీ డీఎన్ఎస్ సర్వరునే పట్టుకుని కూర్చుంటుంది. రెండు ఫైళ్లనీ పక్కపక్కన తెరిచి చూడండి. తేడా ఉంటే పోస్ట్‌ఫిక్స్‌ని రీస్టార్ట్ చెయ్యండి, నకలు కొత్తగా వచ్చి చేరుతుంది.

చిన్నవి పోతాయి, పెద్దవి పోవు

రెండు లైన్ల మెయిల్ పోతుంది. స్కాన్ చేసిన బిల్లు తగిలిస్తే పోదు. ఇందులో రెండు రకాలున్నాయి.

ఒకటి సైజు పరిమితి. మెసేజ్ సైజ్ లిమిట్ మామూలుగా 1,02,40,000 బైట్లు. జోడింపు మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు పైన బరువు పెరుగుతుంది. కాబట్టి 8 ఎంబీ పీడీఎఫ్ దాదాపు 11 ఎంబీ అయి ఆగిపోతుంది, 7 ఎంబీది పోతుంది. పరిమితిని 2,62,14,400కి పెంచుకోవచ్చు. మెయిల్‌బాక్స్ సైజ్ లిమిట్ దానికంటే తక్కువ ఉండకూడదు. డిస్కులో ఆ పరిమితికి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే పోస్ట్‌ఫిక్స్ 452 ఇచ్చి కొత్త మెయిల్ తీసుకోవడం మానేస్తుంది, అందుకని డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ ఆదేశం కూడా ఒకసారి కొట్టి చూడండి. అయినా 300 డీపీఐ రంగుల్లో స్కాన్ చేసే బిల్లుని 150 డీపీఐ నలుపుతెలుపుల్లో చేయించడం ఇంకా సులువు.

రెండోది లైను జబ్బు. లాగ్‌లో “టైమ్డ్ అవుట్ వైల్ సెండింగ్ మెసేజ్ బాడీ” అని ఉంటుంది, నాలుగో అంకె వందల్లో ఉంటుంది. పీపీపీఓఈ (యూజరు పేరు, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే రకం) కనెక్షనులో ఒక్కో ప్యాకెట్టుకి గరిష్ఠంగా 1492 బైట్లే పడతాయి. మన సర్వరు 1500వి పంపుతుంది. “ఇది పట్టదు” అని చెప్పే ఐసీఎంపీ కబురుని మధ్యలో ఎవరో ఆపేస్తే, సర్వరు అదే ప్యాకెట్టుని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. పింగ్ హైఫన్ పెద్ద ఎం (ఇంగ్లీషు పెద్దక్షరం) డూ హైఫన్ ఎస్ 1464 అని బయటి చిరునామాకి కొట్టండి. శీర్షిక 28 బైట్లు కలిపితే సరిగ్గా 1492. అది పోయి 1472 పోకపోతే లెక్క కుదిరింది. రూటరులో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఒక్కో ప్యాకెట్టులో పట్టే డేటాని తగ్గించే సెట్టింగు) ఉంటే వెయ్యండి, సంఖ్య అడిగితే 1452 ఇవ్వండి. రూటరులో ఆ సౌకర్యం లేకపోతే సర్వరు నెట్‌వర్కు కార్డు ఎంటీయూని (ప్యాకెట్టు గరిష్ఠ సైజుని) 1492 చెయ్యండి. ఈ జబ్బులోనే “మెసేజ్ మే బి సెంట్ మోర్ దాన్ వన్స్” అని కూడా పడుతుంటుంది. పార్టీకి ఒకే బిల్లు మూడుసార్లు వచ్చిందంటే గుమస్తాని తిట్టేముందు లాగ్‌లో ఆ మాట వెతకండి.

అవతలివాళ్లు తిప్పికొడితే

బ్రాకెట్లో ఉన్న జవాబు పూర్తిగా చదవండి, చాలాసార్లు కారణం అందులోనే ఉంటుంది. జీమెయిల్ 5.7.25 అంటే పీటీఆర్ లేదు. 5.7.26 అంటే ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) సరిగ్గా లేవు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ప్రతి సర్వరు దగ్గరా వీటిలో కనీసం ఒకటి అడుగుతోంది, రోజుకి 5000 దాటితే రెండూ, వాటితో పాటు డీమార్క్ (ఆ రెండూ తప్పితే ఏం చెయ్యాలో చెప్పే రికార్డు) కావాలి. మెయిల్ వెళ్లే ప్రతి దారీ ఎస్‌పీఎఫ్‌లో ఉండాలి, రిలే పెట్టుకున్నాక ఆ సేవని చేర్చడం మరిచిపోతుంటారు. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు. డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు.

సర్వరుకి ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) చిరునామా ఉండి, దానికి పీటీఆర్ లేకపోతే జీమెయిల్ దాన్నీ తిప్పికొడుతుంది. ఇనెట్ ప్రోటోకాల్స్‌ని ఐపీవీ4 చేసి, పోస్ట్‌ఫిక్స్‌ని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. దీనికి రీలోడ్ చాలదు.

450, 451 వస్తే అవతలివాళ్లు కొత్తవాళ్లని కాసేపు బయట నిలబెడుతున్నారు. పోస్ట్‌ఫిక్స్ 5 నిమిషాల్లో మొదలుపెట్టి గంటకి పైగా ఎడంతో తనే మళ్లీ తడుతుంది. పోస్ట్‌క్యూ హైఫన్ ఎఫ్ అని నిమిషానికోసారి తరమకండి, అనుమానం పెరుగుతుంది.

క్యూలో రాత్రికి రాత్రి వేల మెయిళ్లు చేరితే అది వేరే కథ, ఎవరి పాస్‌వర్డో బయటికి పోయింది. పోస్ట్‌సూపర్ హైఫన్ హెచ్ ఆల్ (ఆల్ మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో) అని అన్నిటినీ హోల్డులో పెట్టండి. లాగ్‌లో సాస్ల్ యూజర్‌నేమ్ వెతికితే ఒకే పేరు వందలసార్లు కనిపిస్తుంది. ఆ పాస్‌వర్డు మార్చండి, ఆ ఖాతా పంపినవే తీసెయ్యండి. మొత్తం చెరిపేస్తే మన బిల్లులూ పోతాయి.

కరెంటు, తుపాను

కరెంటు పోయి వస్తే సర్వరు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ పాత తేదీతో చేరిన మెయిల్, గడియారం సరిపడ్డాక ఏళ్ల కిందటిదిగా లెక్కకొస్తుంది. ఒక్కసారి కనెక్షను కుదరకపోయినా “గడువు తీరింది” అని వెంటనే తిరిగొచ్చేస్తుంది. బ్యాటరీ కొని వేసుకోవడమే దీనికి మందు.

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటప్పుడు లైను 5 రోజుల్లో రాకపోతే క్యూలో ఉన్నవన్నీ తిరిగొచ్చేస్తాయి. హెచ్చరిక రాగానే మాక్సిమల్ క్యూ లైఫ్‌టైమ్‌ని, బౌన్స్ క్యూ లైఫ్‌టైమ్‌ని 15డీ చేసి రీలోడ్ చెయ్యండి. లైను తెగాక క్యూలో చేరినవాటిని హోల్డులో పెట్టినా సరే, హోల్డులో ఉన్నంతకాలం గడువు తీరదు. కానీ వదిలిన క్షణం నుంచి మళ్లీ గడువు లెక్కే, అందుకని లైను నిలకడగా ఉందో లేదో చూసుకోకుండా వదలకండి. ముందు గడియారం, తర్వాత గదిలోని రిజాల్వ్.కాన్ఫ్ నకలు సరిచూడండి. పోస్ట్‌సూపర్ హైఫన్ పెద్ద హెచ్, గుర్తింపు సంఖ్య అని కొట్టి ఒక్క మెయిల్ వదిలి, లాగ్‌లో స్టేటస్=సెంట్ పడేదాకా చూడండి. అది పడ్డాకే సంఖ్య బదులు పెద్దక్షరాల్లో ఆల్ అని పెట్టి మిగతావి వదలండి. ఇక్కడ పెద్ద హెచ్ అంటే ఇంగ్లీషు పెద్దక్షరమే, చిన్న హెచ్ కొడితే మళ్లీ హోల్డులోకి పోతాయి.